విజ్ఞాన ప్రయోగాల వీడియోలలో ఏది నమ్మదగినదో ఎలా తేల్చుకోవాలి?

తొలిచినుకు:

అందరికీ నమస్కారం. నేను ఏడవ తరగతి పిల్లలకు విజ్ఞానశాస్త్రం బోధిస్తాను. స్వయంగా చేసి చూపలేని ప్రయోగాలను వీడియోల ద్వారా చూపించడం కొన్నేళ్లుగా నాకు అలవాటు. గత వారం తరగతిలో జరిగిన ఒక సంఘటన తరువాత, ఇన్నాళ్లూ ఆ వీడియోలను నేను ఏ ప్రాతిపదికన ఎంచుకున్నానా అన్న ఆలోచన నన్ను వదలడం లేదు.

పళ్లెంలో రంగునీళ్లు పోసి, మధ్యలో వెలుగుతున్న కొవ్వొత్తిని నిలబెట్టి, దాని మీద గాజు గ్లాసు బోర్లిస్తే కాసేపటికి మంట ఆరిపోయి నీరు గ్లాసులోకి ఎక్కే ప్రయోగం మీ అందరికీ తెలిసే ఉంటుంది. నేను చూపిన వీడియోను లక్షలమంది చూశారు. చిత్రీకరణ చక్కగా ఉంది, వ్యాఖ్యానం స్పష్టంగా ఉంది. మంట గ్లాసులోని ఆక్సిజన్‌ను వాడేసుకుందనీ, గాలిలో ఐదో వంతు ఆక్సిజన్ ఉంటుంది కనుక నీరు సరిగ్గా ఐదో వంతు ఎత్తుకు ఎక్కిందనీ అందులో చెప్పారు. చివరి వరుసలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి, "టీచర్, మంట వెలుగుతున్నంతసేపూ ఆక్సిజన్ కొంచెం కొంచెంగా తగ్గుతూనే ఉండాలి కదా, మరి నీళ్లు అప్పుడు ఎక్కకుండా మంట ఆరిపోయాక ఒక్కసారిగా ఎందుకు ఎక్కాయి?" అని అడిగింది. వీడియోను వెనక్కి జరిపి మళ్లీ చూస్తే ఆ పిల్ల చెప్పింది నిజమే. నా దగ్గర సమాధానం లేదు. తెలుసుకుని వచ్చి చెబుతానని మాట ఇచ్చాను.

ఆ ప్రశ్నకు సమాధానంతో పాటు, ఇలాంటి వీడియోలను తరగతికి తీసుకువెళ్లే ముందు మీరు ఏమేమి చూసుకుంటారో కూడా చెప్పవలసిందిగా కోరుతున్నాను.


పరీక్షనాళిక:

తొలిచినుకు గారూ, ముందుగా ఆ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి. నేను కళాశాల ప్రయోగశాలలో సహాయకుడిగా పనిచేస్తున్నాను. ఈ ప్రయోగాన్ని ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు.

వీడియోలో చూపినది నిజంగా జరిగేదే, అందులో మోసమేమీ లేదు. తప్పంతా వివరణలో ఉంది. గ్లాసును కొవ్వొత్తి మీదికి దించుతున్నప్పుడు మంట వేడికి లోపలి గాలి వ్యాకోచించి, కొంత గాలి అంచు కింది నుంచి బయటికి పోతుంది. గ్లాసు అంచు నీటిలో మునిగిన తొలి క్షణాల్లో జాగ్రత్తగా చూస్తే బుడగలు బయటికి రావడం కనిపిస్తుంది. మంట ఆరాక లోపలి వాయువు చల్లబడి సంకోచిస్తుంది, పీడనం తగ్గుతుంది, బయటి వాతావరణ పీడనం నీటిని లోపలికి నెడుతుంది. నీరు చివర్లో ఒక్కసారిగా ఎక్కడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఆక్సిజన్ లెక్క చూడండి. కొవ్వొత్తి మైనాన్ని ఇరవై అయిదు కార్బన్ పరమాణువుల గొలుసుగా తీసుకుంటే, 38 ఘనపరిమాణాల ఆక్సిజన్ ఖర్చయినప్పుడు 25 ఘనపరిమాణాల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఏర్పడిన నీటి ఆవిరి గ్లాసు గోడల మీద చెమ్మగా మారుతుంది. అంటే పోయిన ఆక్సిజన్ స్థానంలో మూడింట రెండు వంతుల మేర మరో వాయువు వచ్చి చేరుతోంది. పైగా మూసిన గ్లాసులో మంట ఆక్సిజన్‌ను పూర్తిగా వాడుకోలేదు. గాలిలో 21 శాతం ఉన్న ఆక్సిజన్ దాదాపు 16 శాతానికి తగ్గేసరికే కొవ్వొత్తి ఆరిపోతుంది. ఈ రెండింటినీ కలిపి లెక్కిస్తే ఆక్సిజన్ ఖర్చు వల్ల తగ్గే ఘనపరిమాణం రెండు శాతం లోపే ఉంటుంది. నీరు ఐదో వంతు ఎక్కిందంటే అది ఆ గ్లాసుకూ ఆ కొవ్వొత్తికీ కుదిరిన యాదృచ్ఛికం.

తరగతిలో తేల్చడానికి సులువైన దారి ఉంది. ఒకే గ్లాసు కింద ఒకసారి ఒక కొవ్వొత్తిని, మరోసారి మూడు కొవ్వొత్తులను పెట్టండి. గ్లాసులో ఉన్న ఆక్సిజన్ రెండుసార్లూ ఒకటే కనుక, వీడియో వివరణ నిజమైతే నీరు ఒకే ఎత్తుకు ఎక్కాలి. మూడు కొవ్వొత్తులతో నీరు స్పష్టంగా ఎక్కువ ఎత్తుకు ఎక్కుతుంది, ఎందుకంటే గాలి ఎక్కువగా వేడెక్కి ఎక్కువగా బయటికి పోయింది.

నేను ఏ వీడియోనైనా రెండు ముక్కలుగా విడదీసి చూస్తాను. కళ్లకు కనిపించినది ఒక ముక్క, దాని గురించి నోటితో చెప్పినది మరొక ముక్క. మొదటిదాన్ని నమ్మినంత మాత్రాన రెండోదాన్ని నమ్మాలని లేదు. సోడా పానీయంలో పుదీనా బిళ్లలు వేస్తే నురగ ఎగసిపడే దృశ్యాన్ని చాలామంది రసాయన చర్య అని చెబుతుంటారు. నిజానికి బిళ్ల గరుకు ఉపరితలం మీది సూక్ష్మమైన గుంటల దగ్గర, కరిగి ఉన్న వాయువు బుడగలుగా మారే భౌతిక ప్రక్రియే అక్కడ ప్రధానం. దృశ్యం ఒకటే, పిల్లలు నేర్చుకునేది మాత్రం పూర్తిగా వేరవుతుంది.


నేర్చేతల్లి:

పరీక్షనాళిక గారూ, మీరు చెప్పినది ఎంతో ఉపయోగకరంగా ఉంది. అయితే నేను శాస్త్రం చదువుకున్నదాన్ని కాదు. ఇంట్లో మా అబ్బాయితో కలిసి ఈ వీడియోలు చూస్తుంటాను. కార్బన్ లెక్క వేసి తప్పు పట్టుకునే శక్తి నాకు లేదు. నాలాంటివారు ఏ ఆనవాళ్లను బట్టి ఒక వీడియోను నమ్మాలి?


లోలకం:

నేర్చేతల్లి గారి ప్రశ్నకు సమాధానం చెప్పడానికి ప్రయత్నిస్తాను. ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి.

నా దృష్టిలో, మనం తిరిగి చేసి చూసుకునేందుకు తగిన వివరాలు ఇచ్చిన వీడియోయే నమ్మదగినది. ఎంత నీరు, ఎంత వేడి, ఎంతసేపు అన్నది చెప్పారా? ప్రయోగం మొదలైనప్పటి నుంచి ఫలితం వచ్చేదాకా కెమెరా ఆగకుండా నడిచిందా, లేక కీలకమైన క్షణంలో దృశ్యం మారిపోయిందా? కారణమని చెప్పినదాన్ని తీసేసి మిగతావన్నీ అలాగే ఉంచి మరోసారి చేసి చూపారా? అన్నిటికన్నా ముఖ్యంగా, తమకు విఫలమైన ప్రయత్నాలను చూపించారా? నిజంగా ప్రయోగం చేసినవాడికి అది మొదటిసారే కుదరదని తెలుసు. ఈ ప్రశ్నలు అడగడానికి డిగ్రీ అక్కర్లేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. భూమధ్యరేఖకు ఉత్తరాన నీరు ఒక దిక్కుగా, దక్షిణాన మరో దిక్కుగా సుడి తిరుగుతూ రంధ్రంలోకి దిగుతుందని, రేఖకు అటు రెండడుగులు ఇటు రెండడుగులు వేసి పళ్లెంతో చూపించే వీడియోలు మీరు చూసే ఉంటారు. అంత చిన్న పళ్లెంలో, అంత తక్కువ సమయంలో భూభ్రమణ ప్రభావం కనిపించదు. నీళ్లు పోసే తీరు, చేయి తిప్పే తీరే ఆ సుడిని నిర్ణయిస్తాయి. 1962లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఆషర్ షాపిరో ఇదే విషయాన్ని ఎలా పరీక్షించారో చూడండి. ఆరు అడుగుల వ్యాసం, ఆరు అంగుళాల లోతు నీరున్న గుండ్రటి తొట్టె తీసుకున్నారు. నింపేటప్పుడు ఏర్పడిన కదలికలన్నీ చల్లారేందుకు ఇరవై నాలుగు గంటలు కప్పి ఉంచారు. ఆ తరువాత అడుగున ఉన్న చిన్న రంధ్రం తెరిచారు. నీరు పూర్తిగా పోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మొదటి పన్నెండు పదిహేను నిమిషాల్లో కంటికి ఆనే భ్రమణమేదీ లేదు, ఆ తరువాతే అపసవ్య దిశలో తిరగడం మొదలైంది. 1965లో సిడ్నీలో దక్షిణార్ధగోళపు ప్రయోగం జరిగి, సవ్య దిశలో భ్రమణం కనిపించింది. 2015లో డెరెక్ ముల్లర్, డెస్టిన్ సాండ్లిన్ అనే ఇద్దరు వీడియోకర్తలు, ఒకరు ఆస్ట్రేలియాలో, ఒకరు అమెరికాలో, నీటి తొట్టెలతో ఇదే ప్రయోగం చేసి, రెండు వీడియోలనూ పక్కపక్కనే ఒకేసారి నడిపి చూసుకునేలా రూపొందించారు. నీటిని రోజంతా కదలకుండా ఉంచవలసి వచ్చిందని వారు చెబుతారు. పళ్లెం వీడియోలో ఆ నిరీక్షణ లేకపోవడమే మీకు మొదటి ఆనవాలు.


క్షారజలం:

ఇప్పటివరకు జరిగిన చర్చ అంతా నిజమా అబద్ధమా అన్న దాని చుట్టూ తిరిగింది. రసాయనశాస్త్రం బోధించేదానిగా నేను మరో విషయం చెప్పాలి. పూర్తిగా నిజమైన ప్రయోగం, పూర్తిగా సరైన వివరణ ఉన్న వీడియో కూడా తరగతికి పనికిరానిది కావచ్చు, ఎందుకంటే పిల్లలు దాన్ని చూసి చేసి చూడాలనుకుంటారు.

లోహ లవణాలను మిథనాల్‌లో కలిపి వెలిగిస్తే ఇంద్రధనుస్సులా రంగురంగుల మంటలు వచ్చే ప్రదర్శన ఒకప్పుడు ఎన్నో తరగతి గదుల్లో జరిగేది. వెలుతురులో మిథనాల్ మంట సరిగ్గా కనిపించదు. ఆరిపోయిందనుకుని సీసాలోంచి మరికొంత పోస్తే, మంట ఆవిరిని పట్టుకుని సీసాలోకి పాకి, ఎదురుగా కూర్చున్నవారి మీదికి ధారగా చిమ్ముతుంది. ఇలా విద్యార్థులు తీవ్రంగా కాలిన ప్రమాదాలు అమెరికాలో ఒకటి కాదు, అనేకం జరిగాయి. అక్కడి రసాయన భద్రతా మండలి 2013 డిసెంబరులో దీని మీద హెచ్చరిక వీడియో విడుదల చేసిన కొద్ది వారాలకే, 2014 జనవరిలో న్యూయార్క్‌లోని ఒక పాఠశాలలో ఇదే ప్రమాదం మళ్లీ జరిగింది. మండే ద్రావణులతో బల్ల మీద ఈ ప్రదర్శన చేయడం మానివేయాలని అమెరికన్ కెమికల్ సొసైటీ సూచించింది. పాత వీడియోలు మాత్రం ఇప్పటికీ దొరుకుతూనే ఉన్నాయి. అవే రంగులను చూపడానికి, లవణ ద్రావణంలో రాత్రంతా నానబెట్టిన చెక్క పుల్లలను ఒక్కొక్కటిగా బర్నర్ మంటలో పెడితే సరిపోతుంది.

పాత వీడియోలలో ఇంకొకటి అమ్మోనియం డైక్రోమేట్ అగ్నిపర్వతం. నారింజ రంగు పొడి కాలి ఆకుపచ్చ బూడిదగా పొంగుతుంటే చూడముచ్చటగానే ఉంటుంది. ఆ పొడిలో ఉన్న ఆరు సంయోజకత గల క్రోమియం క్యాన్సర్ కారకం. దాన్ని ఊది, చేత్తో తాకి చూపించే వీడియో నాకు కనబడితే, ఆ ఛానెల్‌లోని మిగతా వీడియోలను కూడా నేను తరగతికి తీసుకువెళ్లను.

నేను మొదట చూసేది చేసేవారి కళ్లను, చేతులను. కళ్లద్దాలున్నాయా, జుట్టు ముడివేసుకున్నారా, సీసా మూత పెట్టి దూరంగా జరిపాకే వెలిగించారా, ఎవరు చేయకూడదో నోటితో చెప్పారా? భద్రత విషయంలో ఇంత శ్రద్ధ ఉన్నవారు వివరణలోనూ శ్రద్ధగానే ఉండడం నా అనుభవంలో ఎక్కువసార్లు చూశాను.


కనురెప్ప:

నేను వృత్తిరీత్యా వీడియో ఎడిటింగ్ చేస్తాను. లోలకం గారు చెప్పిన "కెమెరా ఆగిందా లేదా" అన్న అంశం గురించి కొంత వివరంగా రాస్తాను.

కోత ఉన్నంత మాత్రాన మోసమని అనుకోకండి. ఇరవై నాలుగు గంటల నిరీక్షణను ఎవరూ పూర్తిగా చూపించలేరు. అనుమానించవలసినది ఫలితం పుట్టే క్షణంలో ఉన్న కోతను. దాన్ని పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. కంప్యూటర్‌లో యూట్యూబ్ వీడియోను ఆపి, కీబోర్డు మీద కామా నొక్కితే ఒక్కొక్క ఫ్రేము (వీడియోలోని ఒక్కో నిశ్చల చిత్రం) వెనక్కి, చుక్క నొక్కితే ముందుకు కదులుతుంది. గ్లాసులోని నీటి మట్టం, బల్ల మీది నీడ, వెనుక ఉన్న గడియారపు ముల్లు, చేతివేళ్ల స్థానం, వీటిలో ఏదైనా రెండు పక్క ఫ్రేముల మధ్య హఠాత్తుగా గెంతితే అక్కడ కోత ఉన్నట్లే.

పడుతున్న వస్తువు కూడా మంచి సాక్షి. బల్ల ఎత్తు కన్నా కొంచెం పైనుంచి, అంటే 1.2 మీటర్ల ఎత్తు నుంచి వదిలిన రాయి నేలను చేరడానికి దాదాపు అర సెకను పడుతుంది. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో అది 15 ఫ్రేములు. మీ లెక్కలో అది ఏడో ఎనిమిదో వస్తే వీడియో వేగం పెంచారనీ, ముప్పై వస్తే తగ్గించారనీ అర్థం. అపోలో 15 యాత్రలో 1971 ఆగస్టు 2న డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తినీ డేగ ఈకనూ ఒకేసారి వదిలిన దృశ్యాన్ని ఇలాగే పరీక్షించవచ్చు. చంద్రుడి గురుత్వ త్వరణం సెకను వర్గానికి 1.62 మీటర్లు. వదిలిన ఎత్తు 1.6 మీటర్లు అనుకుంటే పతన కాలం దాదాపు 1.4 సెకన్లు రావాలి. ఆ దృశ్యాన్ని తీసుకుని పిల్లలతో ఫ్రేములు లెక్కపెట్టించండి, ఆ పాఠాన్ని వాళ్లు మరచిపోరు.

మోసమేమీ లేకుండానే కెమెరా అబద్ధం చెప్పే సందర్భం కూడా ఉంది. స్పీకరుకు అంటించిన గొట్టంలోంచి పడే నీటిధార గాలిలో సర్పిలంలా గడ్డకట్టి నిలిచిపోయినట్లు కనిపించే వీడియో ఒకటి 2013లో విపరీతంగా వ్యాపించింది. స్పీకరు 24 హెర్ట్జ్ పౌనఃపున్యంతో కంపిస్తోంది, కెమెరా సెకనుకు 24 ఫ్రేములు తీస్తోంది. ప్రతి ఫ్రేములోనూ ధార ఒకే ఆకారంలో దొరుకుతుంది కనుక నిలిచిపోయినట్లు కనబడుతుంది. పౌనఃపున్యాన్ని 23కు తగ్గిస్తే నీరు వెనక్కి పైకి ఎక్కుతున్నట్లు అనిపిస్తుంది. పక్కన నిలబడి చూసేవారి కంటికి ఇదేమీ కనిపించదు. ఆ వీడియో చేసినవారు కెమెరా పాత్ర గురించి దాచకుండా చెప్పారు. దాన్ని కత్తిరించి తిరిగి పంచుకున్నవారు మాత్రం ఆ మాటను వదిలేసి, "ధ్వని నీటిని ఆపేస్తుంది" అని శీర్షిక పెట్టారు. అందుకే నేను ఎప్పుడూ మూల వీడియో ఎక్కడుందో వెతుకుతాను. ఒక ఫ్రేమును బొమ్మగా భద్రపరచి, చిత్రాల ద్వారా వెతికే సాధనంలో పెడితే చాలాసార్లు దొరుకుతుంది.


గవేషి:

ఇంత శ్రమ అవసరమా అని నాకు అనిపిస్తోంది. పేరున్న సంస్థల వీడియోలు మాత్రమే చూపించాలని నిర్ణయించుకుంటే సమస్య అక్కడితో తీరిపోతుంది కదా? నాసా, ఐరోపా కణభౌతిక పరిశోధన సంస్థ సెర్న్, పెద్ద విశ్వవిద్యాలయాలు, విజ్ఞాన ప్రదర్శనశాలల ఛానెళ్లు ఉన్నాయి. ఉపాధ్యాయులకు ప్రతి వీడియోను ఫ్రేము ఫ్రేముగా చూసే తీరిక ఉండదు.


లోలకం:

గవేషి గారూ, మొదట వెతకవలసిన చోట్ల గురించి మీతో ఏకీభవిస్తాను. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్ 1825 నుంచి పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు నిర్వహిస్తోంది. మైకేల్ ఫారడే స్వయంగా పంతొమ్మిది సంవత్సరాల ఉపన్యాసాలు ఇచ్చారు, అందులో ఒక కొవ్వొత్తి మీద ఆయన చేసిన పరిశీలనలు ఈ చర్చకు అతికినట్లు సరిపోతాయి. ఇటీవలి దశాబ్దాల ఉపన్యాసాలు చాలావరకు వీడియోలుగా ఉన్నాయి. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ పొలియాకాఫ్, బ్రేడీ హారన్ తదితరులు 2008లో మొదలుపెట్టి ప్రతి మూలకం గురించీ వీడియో చేశారు, వాటిలో ప్రయోగం కుదరని సందర్భాలను కూడా ఉంచారు. ఆ నిజాయతీ కోసమే నేను వాటిని ఎక్కువగా చూపేవాణ్ణి. కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించిన ఫెట్ అనే కంప్యూటర్ అనుకరణలు వీడియోలు కాకపోయినా, పిల్లలు విలువలు మార్చి చూసుకోగలరు కనుక వీడియోకు తోడుగా పనికివస్తాయి. అరవింద్ గుప్తా గారు పారేసిన వస్తువులతో చేసిన బొమ్మల వీడియోలు మరో మంచి వనరు. వాటిలో ఏ వస్తువు ఎక్కడ అతికించారో మొత్తం కనిపిస్తుంది, పిల్లలు ఆ రోజే చేసుకోగలరు.

అయినప్పటికీ సంస్థ పేరు ఒక్కటే చాలదు. విమానపు రెక్క పైభాగం మీద ప్రయాణించే గాలి కింది గాలితో సమానంగా వెనుక అంచును చేరాలి కనుక వేగంగా పోతుందన్న తప్పుడు వివరణ, దశాబ్దాలపాటు మంచి పేరున్న పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. ఆ రెండు గాలులూ ఒకేసారి చేరాలన్న నియమమేదీ లేదు, నిజానికి పై గాలి ముందే చేరుతుంది. పెద్ద సంస్థల వీడియోలలో కూడా ఇటువంటివి దొర్లుతాయి.

తప్పు బయటపడినప్పుడు వారు ఏం చేశారన్నది నాకు సంస్థ పేరు కన్నా ఎక్కువ చెబుతుంది. 2021లో ముల్లర్ విద్యుత్ వలయంలో శక్తి తీగల వెలుపలి క్షేత్రాల ద్వారా ప్రవహిస్తుందని చేసిన వీడియో మీద ఇంజనీర్లు తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. మరొక వీడియోకర్త దాదాపు కిలోమీటరు పొడవు తీగ పరిచి, విద్యుత్ సంకేతాలను తెర మీద గీతలుగా చూపే ఆసిలోస్కోప్‌తో కొలిచి, ఆ కొలతలు చూపించారు. ముల్లర్ 2022లో అభ్యంతరాలను ప్రస్తావిస్తూ మరో వీడియో చేశారు. ఆ మూడు వీడియోలను వరుసగా చూసిన విద్యార్థికి వలయం గురించి తెలిసేది, ఏ ఒక్కదాన్ని చూసినవారికన్నా ఎక్కువ. సవరణలను వివరణ పెట్టెలోనో, పైన పిన్ చేసిన వ్యాఖ్యలోనో రాసే అలవాటు ఉన్న ఛానెల్‌ను వెతకండి. 2021 నవంబరు నుంచి యూట్యూబ్ అయిష్టాల సంఖ్యను బహిరంగంగా చూపడం లేదు కనుక, వ్యాఖ్యలను కొత్తవి ముందు వచ్చేలా పేర్చి చదవడం మరింత అవసరమైంది.


మాటలమూట:

శాస్త్ర వ్యాసాల అనువాదకురాలిగా ఒక మాట చేర్చాలనుకుంటున్నాను. మూల వీడియో నిర్దుష్టంగా ఉన్నా, దాని తెలుగు వ్యాఖ్యానంలో తప్పులు కొత్తగా పుడుతున్నాయి. బలం, శక్తి, సామర్థ్యం అన్న మూడు మాటలనూ ఒకదాని బదులు ఒకటి వాడేస్తున్నారు. "బరువు" అని చెప్పి గ్రాములలో కొలుస్తారు, అదే వీడియోలో అంతరిక్షంలో బరువు ఉండదంటారు, అప్పుడు పిల్లలు ద్రవ్యరాశే మాయమైందనుకుంటారు. పొడి మంచు (ఘనరూపంలోని కార్బన్ డయాక్సైడ్) నుంచి కిందికి జారే తెల్లటి మేఘాన్ని "కార్బన్ డయాక్సైడ్ పొగ" అంటారు. కార్బన్ డయాక్సైడ్ కంటికి కనిపించదు, అక్కడ తెల్లగా కనిపించేది చల్లబడిన గాలిలోని తేమ నీటి తుంపరలుగా మారినది.

ముఖ్యంగా ఈ మధ్య యంత్రం చేత చదివించిన వ్యాఖ్యానాలు ఎక్కువయ్యాయి. వాటిని పట్టుకోవడానికి నేను చేసే పని, ధ్వనిని ఆపి దృశ్యాన్ని ఒకసారి చూడడం, తరువాత దృశ్యాన్ని వదిలి వ్యాఖ్యానాన్ని మాత్రమే వినడం. రెండూ ఒకే ప్రయోగం గురించి కాదన్న సంగతి అప్పుడు తేలిగ్గా బయటపడుతుంది. తెలుగులో మంచి వీడియో దొరకకపోతే, పరభాషా వీడియోను ధ్వని లేకుండా నడిపి, ఉపాధ్యాయులే తమ మాటల్లో చెప్పడం మేలని నా అభిప్రాయం.


నేర్చేతల్లి:

మాటలమూట గారు చెప్పిన పద్ధతిని ఈ రోజే మా అబ్బాయితో ప్రయత్నించాను. ధ్వని ఆపి చూపించగానే వాడు "ఇప్పుడు ఏమవుతుందో నేను చెబుతా" అని మొదలుపెట్టాడు. ఇంతకుముందు వాడు ఎప్పుడూ అలా చేయలేదు. ఇంకొక సందేహం. ఫ్యానుకు అయస్కాంతాలు అంటించి, కరెంటు లేకుండానే బల్బు వెలిగించే వీడియోలు వాడికి పదే పదే వస్తున్నాయి. వాటిలో ఏదైనా నిజముందా?


పరీక్షనాళిక:

లేదండీ, ఒక్కదానిలోనూ లేదు. బల్బు వెలుగుతోందంటే ప్రతి సెకనుకూ కొంత శక్తి బయటికి పోతోంది, ఆ శక్తి ఎక్కడినుంచో రావాలి. అయస్కాంతం తనంతట తాను ఆగకుండా శక్తిని ఇస్తూ ఉండలేదు. బల్బు హోల్డరులో చిన్న బ్యాటరీ, బల్ల కాలి వెనుకగా వచ్చే సన్నటి తీగ, కెమెరా బయట నుంచి ఊదే గాలి, ఇవే అక్కడ పనిచేస్తాయి. మీ అబ్బాయితో కలిసి చూస్తూ, ఆ పరికరాన్ని కింది నుంచి, వెనుక నుంచి ఎప్పుడైనా చూపించారా అని వాడినే అడగండి. బల్ల మీది నుంచి ఎత్తి గాలిలో పట్టుకుని చూపించిన వీడియో నాకు ఇంతవరకు కనబడలేదు.


పరిశీలన:

నేర్చేతల్లి గారి అబ్బాయి చేసిన పనికి విద్యా పరిశోధనలో గట్టి ఆధారం ఉంది, అందుకే రాస్తున్నాను. 2004లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కేథరిన్ క్రౌచ్, ఎరిక్ మజూర్ తదితరులు భౌతికశాస్త్ర తరగతుల్లో జరిగే ప్రదర్శనలను అధ్యయనం చేశారు. ప్రదర్శనను ఊరికే చూసిన విద్యార్థులకు, అసలు చూడనివారికన్నా దాదాపు ఏమీ ఎక్కువగా అర్థం కాలేదు. ఏం జరుగుతుందో ముందుగా ఊహించి రాసి, ఆ తరువాత చూసినవారికి మెరుగ్గా అర్థమైంది. ఊహించడానికి తరగతిలో పట్టిన అదనపు సమయం కొద్ది నిమిషాలే.

లోలకం గారు ప్రస్తావించిన ముల్లర్ 2008లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో చేసిన డాక్టరేటు పరిశోధన కూడా ఇదే అంశం మీద ఉంది. సూటిగా, స్పష్టంగా విషయం చెప్పిన వీడియోను విద్యార్థులు మెచ్చుకున్నారు, తమకు అర్థమైందని నమ్మారు, పరీక్షలో మాత్రం పెద్దగా మార్పు లేదు. సాధారణంగా ఉండే అపోహను ముందుగా బయటపెట్టి, అది ఎక్కడ తప్పో చూపిన వీడియో కొంత తికమకగా ఉందన్నారు కాని, ఎక్కువ నేర్చుకున్నారు.

వీడియో "హాయిగా అర్థమైంది" అనిపించడం దాని నాణ్యతకు గుర్తు కాదన్న విషయం ఉపాధ్యాయులుగా మనం గుర్తుంచుకోవాలని నా విన్నపం. ఫలితం వచ్చే క్షణానికి ముందు వీడియోను ఆపే వీలుందా అన్నది నేను ఎంపికలో తప్పక చూస్తాను. మొదటి అయిదు సెకన్లలోనే ఫలితాన్ని చూపించేసే పొట్టి వీడియోలు ఎంత నిజమైనవైనా నాకు పనికిరావు.


తొలిచినుకు:

అందరికీ నా కృతజ్ఞతలు. నాలుగు రోజుల తరువాత రాస్తున్నాను, ఎందుకంటే ఇక్కడ చదివినదాన్ని తరగతిలో చేసి చూసి రాయాలనుకున్నాను.

మొదట అదే వీడియోను ధ్వని లేకుండా నడిపి, మంట ఆరడానికి ముందు ఆపాను. తరువాత ఏమవుతుందో, ఎందుకో ఒక్కొక్కరినీ కాగితం మీద రాయమన్నాను. చాలామంది ఆక్సిజన్ అయిపోయిందనే రాశారు, నేను నేర్పినది అదే కదా. ఆ తరువాత బల్ల మీద ఒకే గ్లాసుతో, మొదట ఒక కొవ్వొత్తి, తరువాత మూడు పెట్టి చేశాము. గ్లాసు మీద స్కెచ్ పెన్నుతో గీతలు గీశాము. మూడు కొవ్వొత్తులకు నీరు మొదటి గీతకు రెట్టింపు కన్నా కొంచెం పైకి ఎక్కింది. గ్లాసును దించుతున్నప్పుడు అంచు నుంచి బుడగలు పోవడాన్ని ముందుగా చూసింది కూడా ఆ అమ్మాయే. మొదటి ప్రయత్నంలో గ్లాసును మరీ నెమ్మదిగా దించినందువల్ల గాలి ముందే వేడెక్కి పోయి కొలత పాడైంది. దాన్ని కూడా పిల్లలు కారణంతో సహా పుస్తకాల్లో రాసుకున్నారు.

అప్పుడు ఒక అబ్బాయి, ఆక్సిజన్ ఖర్చు వల్ల నీరు ఎక్కే ప్రయోగమే లేదా అని అడిగాడు. నాకు గుర్తొచ్చింది ఇనుప పీచు. వెనిగర్‌లో ముంచి పిండిన ఇనుప పీచును పొడవాటి పరీక్షనాళిక అడుగున కూరి, నాళికను నీళ్ల గిన్నెలో బోర్లించి అలమారలో పెట్టాము. ఇక్కడ మంట లేదు, వేడి దాదాపు లేదు, తుప్పు పట్టడంలో ఆక్సిజన్ వాయువు ఘనపదార్థంలో కలిసిపోతుంది, దాని స్థానంలో మరే వాయువూ రాదు. మరునాడు ఉదయం చూసేసరికి నాళికలోని గాలి స్తంభం పొడవు 15 సెంటీమీటర్ల నుంచి 12 సెంటీమీటర్ల దగ్గరికి తగ్గింది. ఐదో వంతు అన్న మాట ఈసారి నిజంగా కనిపించింది.

ఈ రెండు ప్రయోగాలనూ పక్కపక్కన పెట్టి పిల్లలే వీడియో తీస్తామంటున్నారు. చెడిపోయిన మొదటి కొలతను కూడా అందులో ఉంచాలని వాళ్లే పట్టుబట్టారు. కనురెప్ప గారూ, నాళికలో నీటి మట్టం రాత్రంతా ఎక్కడాన్ని ఫోనుతో, ఎక్కడా కోత లేదని చూసేవారికి తెలిసేలా తీయాలంటే పక్కన గడియారం పెడితే చాలా, ఇంకేమైనా చేయాలా?


కనురెప్ప:

గడియారం పెట్టండి, అయితే సెకన్ల ముల్లు ఉన్నది పెట్టండి. నిమిషానికి ఒక చిత్రం చొప్పున తీసేలా ఫోనులో టైమ్‌లాప్స్ అమర్చుకుంటే పన్నెండు గంటలకు 720 చిత్రాలు వస్తాయి, సెకనుకు 24 చొప్పున నడిపితే అది అర నిమిషం వీడియో. ఫోనును ఛార్జరుకు తగిలించి, కదలకుండా బిగించండి. రాత్రి దీపం ఆర్పకండి, వెలుతురు మారితే చూసేవారికి కోత ఉందన్న అనుమానం వస్తుంది. నాళికకు పక్కనే ఇనుప పీచు లేని మరో నాళికను కూడా బోర్లించి ఒకే ఫ్రేములో ఉంచండి. రాత్రి గది చల్లబడినందువల్ల నీరు ఎంత ఎక్కిందో అది చూపిస్తుంది, లేకపోతే మీ క్లాసులో చివరి వరుసలో కూర్చున్న అమ్మాయి ఆ ప్రశ్న కూడా అడుగుతుంది.